గ్రీజు అంటిన చేతికి ఇజ్జత్ లేదా?

మన మొహల్లాల్లో పిల్లల్ని భయపెట్టడానికి పెద్దల నోట్లో ఒక మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. "పఢ్ రే, నై తో గ్యారేజ్ మే డాల్ దూంగా." లెక్కల్లో మార్కులు తగ్గినా ఇదే, ట్యూషన్ ఎగ్గొట్టినా ఇదే. మర్నాడు ఆ అబ్బాజాన్ స్కూటర్ నడిరోడ్డు మీద ఆగిపోతే మాత్రం మొట్టమొదట ఫోన్ వెళ్లేది అదే గ్యారేజ్‌కి. "ఉస్తాద్, జర ఆకే దేఖో నా!" అప్పుడు ఆ గొంతులో ఎంత మిఠాస్!

ఈ దోరంగీ మీద నాకు చాలా రోజులుగా గుస్సా ఉంది. ఇవాళ రాసేస్తున్నాను. బురా అనుకునేవాళ్లు అనుకోండి.

నేను అఖ్బార్‌లో పనిచేసేవాణ్ణి. కర్నూలులో పదో తరగతి దాకా ఉర్దూ మీడియం, ఆ తర్వాత డిగ్రీలో తెలుగు. వారంలో ఆరు రోజులు కీబోర్డు కొట్టి, ఆదివారం ఫజ్ర్ అయ్యాక చాయ్ తాగి, పాత లుంగీ కట్టుకుని, 2002 మోడల్ హోండా సిటీ వీటెక్ కిందికి దూరతాను. ఇరవై ఏళ్లు దాటిన కారు. రిష్తేదారులకు ఇది అస్సలు మింగుడు పడదు. ఒక వలీమాలో మా దూరపు చాచా ఒకాయన నా గోళ్ల కింద నలుపు చూసి, నలుగురికీ వినపడేలా "ఇత్నా పఢ్‌కే యే క్యా కామ్ మియా?" అన్నారు. దస్తర్‌ఖాన్ చుట్టూ నవ్వులు. ఆ చాచా కొడుకు మెకానికల్ ఇంజనీరింగ్ పాసై మూడేళ్లుగా బండి మీద ఖానా డెలివరీ చేస్తున్నాడు. డెలివరీ హలాల్ రోజీ, దాని మీద నాకు ఏ ఏతరాజ్ లేదు. నాలుగేళ్లు మెకానికల్ చదివిన ఆ పిల్లవాడికి తన సొంత బండి చైన్ ఎంత వదులుండాలో తెలియదు. చూపించినవాడు లేడు. నా ఏతరాజ్ అక్కడ.

మనల్ని తిట్టాలనుకునేవాళ్లు ఇంటర్‌నెట్‌లో వాడే మాట మీకు తెలుసు. పంక్చర్‌వాలా. 2025 ఏప్రిల్‌లో హర్యానాలోని హిసార్ సభలో ప్రధానమంత్రి కూడా వక్ఫ్ ఆస్తుల గురించి మాట్లాడుతూ, వాటిని ఇమాన్‌దారీగా వాడి ఉంటే ముస్లిం యువకులకు సైకిల్ పంక్చర్లు వేసుకుంటూ బతికే అవసరం ఉండేది కాదన్నారు. దానికి మనవాళ్లు ఇచ్చిన జవాబులు చూశాను. చాలావరకు ఒకటే పాట. మాలో డాక్టర్లు లేరా, సైంటిస్టులు లేరా, అబ్దుల్ కలాం సాబ్ లేరా అని. తిట్టినవాడు "ఆ పని నీచం" అన్నాడు. మనం "సరే నీచమే, కానీ మేం అందరం ఆ పని చెయ్యం" అని సఫాయీ ఇచ్చుకున్నాం. పంక్చర్ వేసే భాయ్ దుకాణంలో కూర్చుని ఆ జవాబులు ఫోన్‌లో చదివితే ఆయన దిల్‌కి ఎలా ఉంటుంది? రాత్రి పదకొండింటికి హైవే పక్కన మీ అమ్మీ, బీవీ, పిల్లలు కార్లో కూర్చుని ఉన్నప్పుడు టైర్లోంచి మేకు పీకి మిమ్మల్ని ఇల్లు చేర్చినవాడు ఆయన. మీ డాక్టర్ల లిస్టులో ఆయన పేరు లేదు.

2006లో వచ్చిన సచార్ కమిటీ రిపోర్ట్‌లో ఒక విషయం స్పష్టంగా ఉంది. మన పనివాళ్లు నెల జీతం నౌకరీల్లో తక్కువ, సొంత పనుల్లో ఎక్కువ. ఎక్కువమంది కనపడే పనుల్లో బళ్ల రిపేరు ఒకటి. అది గరీబీ లెక్క, అందులో షక్ లేదు. పింఛను లేదు, బ్యాంకు లోను దొరకదు, చెయ్యి విరిగితే ఆ రోజు నుంచి పొయ్యి వెలగదు. అయితే ఆ కాగితాన్ని మనం గరీబీ లెక్కగా మాత్రమే చదివి మడిచి పెట్టేశాం. అందులో ఒక ఖౌమ్ చేతుల్లో పోగుపడిన హునర్ కూడా ఉందని ఎవరికీ తోచలేదు.

తెలుగు చదువుకున్నవాణ్ణి కాబట్టి ఒక మాట మధ్యలో చెప్పనివ్వండి. తెలుగు దేశంలో ఏ ఊళ్లో ఏ షెడ్డుకి వెళ్లినా, మెకానిక్ ఏ మజహబ్ వాడైనా, "పానా ఇవ్వరా" అంటాడు. స్పానర్ అన్నది బడి పుస్తకం మాట, పానా అన్నది బతికే మాట. మన బోలీలోంచి వెళ్లి తెలుగు నోట్లో అలా కుదురుకుంది. బోల్టు మరలు అరిగితే "చూడీ పోయింది" అనే తెలుగు మెకానిక్కులు ఎంతమందో. మన ఉర్దూ అడుగంటిపోతోందని ముషాయిరాల్లో కన్నీళ్లు పెట్టుకునేవాళ్లు ఒక్కసారి విజయవాడ ఆటోనగర్‌లో అర గంట తిరిగి రండి. అక్కడ ఆ జుబాన్ గ్రీజు పూసుకుని హాయిగా ఉంది.

ఇక నా కారు సంగతి. జర లంబీ బాత్ అవుతుంది, సబ్ర్ చెయ్యండి. 2000లో హోండావాళ్లు మన దేశపు సిటీ కారుకి ఒకటిన్నర లీటర్ వీటెక్ ఇంజన్ పెట్టారు. 106 హార్స్‌పవర్. ఆ రోజుల్లో మామూలు ఇంటి కార్లలో అంత దమ్ ఉన్నది అరుదు. 2003లో దాని జాగాలో వచ్చిన కొత్త సిటీకి 77 హార్స్‌పవరే. మైలేజ్ పెరిగింది, జోష్ తగ్గింది. పాతదానికి ఇప్పటికీ ఆషిక్‌లు ఉన్నది అందుకే.

వీటెక్ అంటే ఒకే ఇంజన్‌లో రెండు మిజాజ్‌లు. ఊళ్లో మెల్లగా పోయేటప్పుడు చిన్న క్యామ్‌లు వాల్వుల్ని కొద్దికొద్దిగా తెరుస్తుంటాయి, బడికి వెళ్లే షరీఫ్ పిల్లవాడిలా ఉంటుంది బండి. ఐదు వేల ఆర్‌పీఎం దరిదాపులకి రాగానే ఇంజన్ ఆయిల్ ఒత్తిడితో ఒక చిన్న పిన్ను జరిగి రాకర్లను కలిపి బిగిస్తుంది. అవి ఇప్పుడు పెద్ద క్యామ్ చెప్పినట్టు వింటాయి. వాల్వులు ఎక్కువ లోతుగా, ఎక్కువ సేపు తెరుచుకుంటాయి. శబ్దం మారిపోతుంది. మొత్తం తమాషా ఆయిల్ ఒత్తిడి మీదే నడుస్తుందని గమనించండి. ఆయిల్ సకాలంలో మార్చకపోయినా, లెవెల్ పడిపోయినా, వీటెక్ సొలెనాయిడ్ దగ్గర ఉండే చిన్న జాలీ మురికితో మూసుకుపోయినా రెండో మిజాజ్ బయటికి రాదు. చాలామంది ఈ కారు కొని "దీంట్లో దమ్ లేదు భాయ్" అని అమ్మేశారు. జాలీ కడిగి, ఆయిల్ మార్చి ఉంటే సరిపోయేది.

ఈ కారు నా చేతికి వచ్చిన మొదటి వేసవిలో ఒక బీమారీ చూపించింది. పొద్దున బ్రహ్మాండంగా స్టార్ట్ అవుతుంది. మధ్యాహ్నం ఎండలో గంట నిలిపితే స్టార్టర్ తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు. సాయంత్రం చల్లబడ్డాక ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్ట్. అద్దాల గోడలున్న ఒక సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాను. టై కట్టుకున్న కుర్రాడు కంప్యూటర్ చూసి, బండి కంప్యూటర్ పోయింది, మార్చాలి అని ముప్పై వేలు దాటిన ఎస్టిమేట్ చేతిలో పెట్టాడు. ఎండలో ఎందుకు చెడుతుంది, నీడలో ఎందుకు బాగుంటుంది అని అడిగితే "పాత బండి కదా సార్" అన్నాడు.

పాతబస్తీ గల్లీలో అరవై దాటిన ఒక ఉస్తాద్ దగ్గరికి వెళ్లాను. ఆయన బానెట్ కూడా ఎత్తలేదు. నా ఖిస్సా అంతా విని, "ధూప్ కా బీమార్ హై" అన్నారు. తాళం తిప్పి చెవి ఒగ్గి వినమన్నారు. తాళం ఆన్‌లో పెట్టగానే వెనక సీటు వైపు నుంచి పెట్రోల్ పంపు రెండు సెకండ్లు సన్నగా మూలగాలి. ఎండలో ఆ మూలుగు లేదు. పంపుకి కరెంటు ఇచ్చే మెయిన్ రిలే డ్యాష్‌బోర్డు కింద ఒక చిన్న డబ్బాలో ఉంటుంది. ఆ కాలపు హోండాల్లో దాని లోపలి టాంకాలకు వెంట్రుక మందం పగుళ్లు వస్తాయి. వేడికి పగులు విచ్చుకుంటుంది, చల్లబడితే మూసుకుంటుంది. ఆయన డబ్బా విప్పించి, కళ్లజోడు పైకి తోసుకుని, సోల్డరింగ్ ఐరన్ నా చేతికే ఇచ్చి "తుమ్ కరో" అన్నారు. చిటికెడు రాంగా ఖర్చయింది. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా ఆ బీమారీ మళ్లీ రాలేదు. యాభై రూపాయలు అడిగారు. నేను ఇంకొంచెం ఇస్తే మిగిలింది వెనక్కి ఇచ్చేశారు.

చెప్పండి జనాబ్, ఆ ఇద్దరిలో ఇంజనీర్ ఎవరు?

ఆ ఉస్తాద్‌కి ఇప్పుడు షాగిర్ద్ లేడు. ఒక కొడుకు గల్ఫ్‌లో, ఇంకొకడు సెల్‌ఫోన్ దుకాణంలో. "మా పిల్లలు నాలా కాకూడదు" అన్నది ఆయన దువా, ఆ దువా ఖబూల్ అయింది. ఒక తండ్రిగా ఆయన ఖుషీని నేను తప్పు పట్టలేను. కానీ చెవితో వాల్వు గ్యాప్ చెప్పగల ఆ ఇల్మ్ ఏ కితాబులోనూ లేదు. కొత్త బళ్లకు ల్యాప్‌టాప్ తగిలించాలి, అందులో అక్షరాలు ఇంగ్లిషు. ఆయనకు ఆ అక్షరాలు రావు, మన బీటెక్ పిల్లలకు ఆయన చెవి లేదు. ఇద్దరూ ఒకే మస్జిద్‌లో ఒకే సఫ్‌లో భుజాలు కలిపి నిలబడతారు, సలాం తిప్పాక ఎవరి దారి వారిది. ఈ ఇద్దరినీ ఆదివారం పూట రెండు గంటలు ఒక బండి పక్కన కూర్చోబెట్టడం ఏ కమిటీకీ ఎందుకు తోచదు? జల్సాకి షామియానా వెయ్యడానికి చందా దొరుకుతుంది కదా.

మన తఖ్రీరుల్లో అల్-జజరీ పేరు భలే వినపడుతుంది. 1206లో ఆయన తన యంత్రాల కితాబ్ పూర్తి చేశాడని, అందులో పిస్టన్లతో నీళ్లు తోడే జంట పంపు ఉందని, ప్రపంచానికి మెకానిక్స్ నేర్పింది మేమేనని. నిజమే, కితాబ్ నిజం, పంపు నిజం. ఆ జజరీ చేత్తో పనిచేసిన కారిగర్. తన చేత్తో చేసి చూసినవాటి గురించే రాసుకున్నాడు. ఇవాళ ఆయన మన మొహల్లాలో పుడితే, రిష్తా కోసం వెళ్లినప్పుడు లడ్కీవాలే ఏమంటారు? "లడ్కా మిస్త్రీ హై" అని ఫోన్ పెట్టేస్తారు. ఇనుముతో కవచాలు చేసిన హజ్రత్ దావూద్ అలైహిస్సలాం ఖిస్సా విని సుబ్‌హానల్లాహ్ అంటాం, వెల్డింగ్ చేసే అల్లుడు మాత్రం వద్దు.

ఇక్కడ ఒక గలత్‌ఫహ్మీ రాకూడదు. షెడ్లలో పదేళ్ల "ఛోటూ"లను పెట్టుకుని, చెంప మీద కొట్టి పని నేర్పడాన్ని నేను రొమాంటిక్‌గా చూడటం లేదు. 2016లో సవరించిన చట్టం ప్రకారం పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. అది చాలా మంచి చట్టం. పెట్టుకున్న ఉస్తాద్ ఎంత నమాజీ అయినా జాలిమే. నేను అడుగుతున్నది స్కూలు మానిపించమని కాదు. స్కూలుకి వెళ్లే పిల్లవాడికి సెలవు రోజున పానా కూడా ఇవ్వమని. పది పాసైనవాడికి ఐటీఐలో రెండేళ్ల మోటార్ మెకానిక్ కోర్సు ఉంటుంది. దాని పేరెత్తితే "హమారే ఖాన్‌దాన్ మే నై" అంటారు. అప్పు చేసి ఏ ఉద్యోగానికీ పనికిరాని డిగ్రీ కొనడం మాత్రం ఖాన్‌దానీ పనే!

ఇక రెండో వైపు వాళ్లు. నౌజవానో, ఇది మీకు. నా గ్రీజు మాటలు విని "మామూ, మేం కూడా మాడిఫికేషన్ చేస్తాం" అని వచ్చేవాళ్లు ఉన్నారు. ఏం చేశారని అడిగితే సైలెన్సర్ పీకేశాం అంటారు. జాగ్నే కీ రాత్ వస్తే హైదరాబాద్ పోలీసులు ఫ్లైఓవర్లు మూసేయాల్సి వస్తోందంటే మనకు షరమ్ ఉండాలి. ఇబాదత్ కోసం మేలుకోవాల్సిన రాత్రి అది. ఏ తల్లి ఇంట్లో తస్బీహ్ పట్టుకుని కూర్చుందో, ఆమె కొడుకు బండి ముందు చక్రం గాల్లోకి లేపుతూ ఉంటాడు. కొందరు పొద్దున ఇంటికి రారు. ఆ జనాజాల వార్తలు డెస్క్ మీద దిద్దే పని నాది, కాబట్టి నా ముందు షౌక్ అనే మాట వాడకండి.

ఆ పనిలో హునర్ కూడా లేదు. సైలెన్సర్ పీకడానికి పానా ఉంటే చాలు, బుర్ర అక్కర్లేదు. మామూలు ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసి బొంగరం ఆకారం ఫిల్టర్ పెడతారు. అది బానెట్ కింది వేడి గాలిని పీలుస్తుంది. వేడి గాలిలో ఆక్సిజన్ తక్కువ. శబ్దం పెరుగుతుంది, పవర్ పెరిగినట్టు చెవి మోసపోతుంది. కారు కిందికి వంగి కనపడాలని స్ప్రింగులు కోస్తారు. గుంతలో పడగానే సస్పెన్షన్‌కి జాగా ఉండదు, టైరు రెక్కకి రాసుకుంటుంది, బ్రేక్ కొట్టినప్పుడు బండి ఏ వైపు లాగుతుందో అల్లాహ్‌కే తెలియాలి. ఎదుటివాడి కళ్లు పొడిచే తెల్ల బల్బులు పెడతారు. ఆ ఎదుటివాడు రాత్రి డ్యూటీ నుంచి వచ్చే మీ అబ్బానే కావచ్చు.

ఖానూన్ కూడా తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. శబ్దం, పొగ హద్దు దాటితే సెక్షన్ 190 కింద పది వేల దాకా జుర్మానా, లైసెన్స్ మూడు నెలలు బంద్. మన పేరు చూసి ఆపుతారన్న షికాయత్ నాకు తెలుసు, చాలాసార్లు నిజం కూడా. అలాంటప్పుడు ఆపడానికి మన చేతులారా ఇంకో బహానా ఇవ్వడం ఏం అఖల్‌మందీ?

మార్చాలనుకుంటే మార్చడానికి చాలా ఉంది. హెడ్‌లైట్లకు కంపెనీ బల్బులే ఉంచి, బ్యాటరీ నుంచి నేరుగా రిలే ద్వారా కరెంటు ఇస్తే పాత వైర్లలో పోయే వెలుగు వెనక్కి వస్తుంది, స్విచ్ కాలిపోదు. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమని పీలుస్తుంది. ఘాట్ దిగుతుంటే ఆ తేమ మరిగి పెడల్ నేలకి తగులుతుంది, అందుకే రెండేళ్లకోసారి మార్చాలి. ఈ ఒక్క పనిని మన ఇళ్లలో ఎంతమంది చేస్తారో చెయ్యెత్తండి. టైరు గోడ మీద చివర నాలుగు అంకెలుంటాయి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. సెకండ్‌హ్యాండ్ బండి కొనేటప్పుడు సీటు కవర్లు చూసే బదులు అవి చదవండి. టైమింగ్ బెల్ట్ తెగితే నా కారు లాంటి ఇంజన్‌లో వాల్వులు, పిస్టన్లు ఢీకొని ఇంజన్ ఖతం. బెల్ట్ ఖర్చు వేలల్లో, ఇంజన్ ఖర్చు అంతకు ఎన్నో రెట్లు. 2025 నాటికి పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలిసింది. మా తరం కార్ల రబ్బరు పైపులు దానికోసం చేసినవి కావు. అందుకని ఒక ఆదివారం కూర్చుని పెట్రోల్ పైపులన్నీ ఇథనాల్‌ని తట్టుకునేవి వేశాను. పెట్రోల్ మార్చేటప్పుడు మనల్ని ఎవరూ అడగలేదు, పైపులు మాత్రం మన జేబులోంచి.

ఇంకో మాట, దయచేసి వినండి. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి ఎవరూ దూరకండి, దూరనివ్వకండి. జాకీ ఎత్తడానికే, మొయ్యడానికి ఇనుప స్టాండులు వేరే ఉంటాయి. పక్కన ఇటుకలు పెట్టడం కూడా వద్దు, ఇటుక చెప్పకుండా పగులుతుంది.

ఇదంతా ఫజూల్‌ఖర్చీ కాదా అని మా బావగారు అడుగుతారు. ఏటా కొత్త ఫోన్ కొనే మనిషి ఆయన. పాత కారు పొగ పాపం కాదా అని ఇంకొకరు. పొగ పరీక్ష ప్రతిసారీ నా కారు పాసవుతుంది, ఎందుకంటే క్యాటలిటిక్ కన్వర్టర్ పీకి తూకానికి అమ్ముకోలేదు. పదిహేనేళ్లు దాటిన కారుకి రిజిస్ట్రేషన్ తిరిగి చేయించే ఫీజు 2022 ఏప్రిల్‌లో ఆరు వందల నుంచి ఐదు వేలకు పెంచారు. అదీ కట్టాను. బాగా చూసుకున్న బండికీ, గాలికి వదిలేసిన బండికీ ఒకే వయసు చూసి ఒకే సజా వెయ్యడం ఇన్సాఫ్ కాదని నా రాయ్. పొగని కొలవండి, బ్రేకుని కొలవండి, పుట్టిన తేదీని కొలిచి ఏం లాభం?

మా ఇంట్లో టార్చ్ పట్టుకునేది మా అమ్మాయి. తొమ్మిదో తరగతి. మొదట్లో వాళ్ల దాదీ "లడ్కీ జాత్‌కి గ్రీజెందుకురా" అని తిట్టేది. ఇప్పుడు టార్చ్ పట్టడం మానేసి ఫీలర్ గేజ్ పట్టుకుంటోంది. చల్లటి ఇంజన్ మీద వాల్వుల గ్యాప్, మిల్లీమీటర్‌లో ఐదో వంతు అటూ ఇటూ, వేళ్లకు తగిలే పట్టుతో చెప్తుంది. నా వేళ్ల కంటే తన వేళ్లు నయం. కిందటి నెల దాదీ మిక్సీ ఆగిపోతే బ్రష్షులు మార్చి ఇచ్చింది. అప్పటి నుంచి దాదీ ఏమీ అనడం లేదు, పక్కింటి మిక్సీ కూడా తెప్పించింది.

వచ్చే ఆదివారం నా కారు ముందు చక్రాల సీవీ బూట్లు మార్చాలి. ఎడమ వైపుది చిరిగి గ్రీజు బయటికి వస్తోంది, మలుపులో టకటక శబ్దం ఇంకా మొదలుకాలేదు కాబట్టి జాయింట్ బతికే ఉంది. ఉస్తాద్ కూడా వస్తానన్నారు, ఇన్‌షాఅల్లాహ్. మీ ఇంట్లో మెకానికల్ చదివే పిల్లలుంటే పంపండి. పాత బట్టలు వేసుకుని రమ్మనండి, నాష్తా మా ఇంట్లోనే.